ఎయిడెడ్ బడికి ఇంటర్నెట్ తీగ: సర్కారు సాయం నడిచిన దారి

మన బడి బోర్డు మీద పేరు కింద చిన్న అక్షరాలతో 'ప్రభుత్వ ఎయిడెడ్' అని ఉంటుంది. చదువుకునే రోజుల్లో ఆ మాటను మనలో ఎవరమూ పట్టించుకోలేదు. సార్ల జీతాలు ఖజానా నుంచి వస్తాయని, పైకప్పు, బెంచీలు, కరెంటు బిల్లు యాజమాన్యం తిప్పలని పెద్దయ్యాక గాని తెలియలేదు. పేరుకు ప్రైవేటు, జీతానికి సర్కారు. ఈ రెండు పడవల ప్రయాణం వల్ల మన బడికి ఏవి అందాయి, ఏవి అందకుండా పక్కనుంచి వెళ్లిపోయాయి అన్నది ఇంటర్నెట్ విషయంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర రాయమన్నప్పుడు వ్యవస్థాపకుల గురించి, ఫలితాల శాతాల గురించి రాసేవారు చాలామంది ఉంటారని, నేను ఈ తీగ కథ ఎంచుకున్నాను.

కథ తీగతో మొదలు కాదు, ఇసుకతో మొదలవుతుంది. 1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి అప్పగించాక థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి ఏడేళ్లు కలెక్టరు పని చేశాడు. ఆ తర్వాత మద్రాసు గవర్నరై, 1822లో ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎందరు చదువుతున్నారు, ఖర్చు ఎవరు పెడుతున్నారు అని లెక్కలు అడిగాడు. అప్పటికి మనకు వేరే జిల్లా లేదు. నేటి అనంతపురం సీమలో చాలా భాగం బళ్లారి జిల్లాలో ఉండేది. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. జనాభా 9,27,857. బడులు 533. చదివేవారు 6,641. అంటే సుమారు 140 మందికి ఒక్కరు. ఆ 533లో కన్నడం బడులు 235, తెలుగువి 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు ఒకే ఒక్కటి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారని, పెద్ద పిల్లలే చిన్నవాళ్లకు చెబుతారని, పంతులుకు నెలకు కొన్ని అణాలు ఇవ్వలేక జనం పిల్లల్ని మాన్పిస్తున్నారని రాశాడు. ఈ 533 బడుల్లో ఒక్కదానికి కూడా ప్రభుత్వం నుంచి సాయం లేదని చెప్పడానికి తనకు సిగ్గుగా ఉందని కూడా రాశాడు. ఒక జిల్లా అధికారి పై అధికారికి రాసిన ఉత్తరంలో అలాంటి మాట ఉండటం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. దేశం పేదదైపోవడమే చదువు తగ్గడానికి కారణమని, ఆ పేదరికంలో కుంపిణీ పాలన వాటా ఎంతో కూడా ఆయన దాచలేదు.

మన్రో 1826లో జిల్లాకు కలెక్టరేటు బడులు, తాలూకాకో తహశీలు బడి సర్కారు ఖర్చుతో పెట్టాలని ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది పత్తికొండలో కలరాతో చనిపోయాడు. (శవాన్ని మొదట ఖననం చేసింది మన గుత్తిలోనే. తర్వాత మద్రాసుకు తీసుకువెళ్లారు.) ఆ బడులు ఎక్కువ కాలం నిలవలేదు. అయినా ప్రశ్న మాత్రం నిలిచింది: ఊరివాళ్లు పెట్టుకున్న బడికి సర్కారు ఎంతవరకు చెయ్యివ్వాలి?

దానికి 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ ఒక జవాబు చెప్పింది. సర్కారే అన్ని బడులూ పెట్టలేదు కాబట్టి, ప్రైవేటు వారు పెట్టిన బడికి తనిఖీ షరతు మీద గ్రాంటు ఇవ్వాలి. అదే గ్రాంట్-ఇన్-ఎయిడ్. మద్రాసు రాష్ట్రంలో జీతాలకే కాక భవనాలకు, సామానుకు, పుస్తకాలకు కూడా గ్రాంటులు ఉండేవి. పాత బడుల ప్రయోగశాలల్లో బీరువాల నిండా గాజు సామాను కనిపిస్తే అది చాలావరకు ఆ కాలపు చలవే. 1882లో బళ్లారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా అయింది. మిషనరీలు, ఊరి దాతలు, వర్తకులు, స్వాతంత్ర్యోద్యమంలో తిరిగినవారు పెట్టిన బడులు ఈ గ్రాంటు మీదే బతికాయి. సరిగ్గా వందేళ్లకు, 1982లో, ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం వచ్చి పాత నియమాలన్నింటినీ ఒక్కచోట చేర్చింది. ఆచరణలో సాయం అంటే క్రమంగా జీతాల సాయంగానే మిగిలింది. సామాను గ్రాంటు మాట వినబడటం తగ్గిపోయింది. ఇంటర్నెట్ వచ్చేనాటికి బడి పరిస్థితి ఇదీ: సైన్సు సారుకు జీతం ఉంది, కొత్త పరికరం కొనడానికి దారి లేదు.

కరువు సంగతి మీకు నేను చెప్పనక్కర లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన, దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన మనదే అని చిన్నప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లో చదివాం. దాని అర్థం బడి ఖాతా పుస్తకంలో వేరుగా కనిపిస్తుంది. కోస్తా పట్టణాల్లో ప్రైవేటు బడి 'కంప్యూటరు ఫీజు' అని ఒక వరుస చేర్చి గది నింపుకోగలిగింది. ఇక్కడ వేరుశనగ ఎండిన ఏడాది ఫీజు అడగడం అంటే, ఆ పిల్లవాణ్ని తల్లిదండ్రులతో పాటు బెంగళూరు బస్సు ఎక్కించడమే. అందుకే మన సీమలో ఎయిడెడ్ బడి సర్కారు సాయం లేకుండా కొత్త వస్తువు ఏదీ తెచ్చుకోలేదు. దాతలు ఇచ్చినవి వేరు. దాత ఒకసారి కంప్యూటరు ఇస్తాడు, నెలనెలా వచ్చే బిల్లు ఎవరిస్తారు? ఇంటర్నెట్‌కు అసలు చిక్కు అదే. గదీ యంత్రమూ ఒకసారి పెట్టే ఖర్చు, తీగ ప్రతి నెలా కట్టే ఖర్చు.

కంప్యూటర్లకు సర్కారు సాయం చాలామంది అనుకునేదానికంటే పాతది. 1984-85లో కేంద్రం 'క్లాస్' అనే పథకం పెట్టి బీబీసీ మైక్రో అనే చిన్న యంత్రాలను దేశంలో ఎంపిక చేసిన ఉన్నత పాఠశాలలకు ఇచ్చింది. ఎనిమిదో పంచవర్ష ప్రణాళికలో దాన్ని విస్తరించినప్పుడు ప్రభుత్వ సాయం పొందే బడులను కూడా చేర్చారు. ఆ యంత్రాలకు తీగ అవసరం లేదు, ఉన్నా కలపడానికి ఏమీ లేదు.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మామూలు జనానికి ఇంటర్నెట్ అమ్మడం మొదలుపెట్టింది. మొదట మహానగరాల్లోనే. ఏడాదికి 250 గంటల ఖాతా వ్యక్తులకు రూ. 15,000. బొమ్మలు లేకుండా అక్షరాలు మాత్రమే కనిపించే విద్యార్థి ఖాతా రూ. 500. విద్యార్థికి ఇచ్చిన ఆ తగ్గింపు ధరనే ఇంటర్నెట్ మీద మన దేశంలో చదువుకు దొరికిన తొలి రాయితీ అనవచ్చు. కానీ అనంతపురం నుంచి దాన్ని వాడాలంటే దూరపు ఊరికి ఎస్‌టీడీ కలపాలి. హెడ్మాస్టరు గదిలో ఫోనుకు చిన్న తాళం వేసి ఉంచిన రోజులవి.

అదే రోజు, అదే 1995 ఆగస్టు 15న, కేంద్రం మధ్యాహ్న భోజన పథకాన్ని కూడా ప్రారంభించింది. ఈ తేదీల కలయిక యాదృచ్ఛికమే గాని, రెండింటి నడక పోల్చి చూస్తే మన బడి చరిత్ర అర్థమవుతుంది. భోజనం మొదటి రోజు నుంచీ ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులన్నింటికీ వర్తించింది. మొదట ప్రాథమిక తరగతులకు, తర్వాత ఎనిమిది దాకా, ఆపైన మన రాష్ట్రంలో హైస్కూలు తరగతులకూ వచ్చింది. పిల్లవాడు ఏ యాజమాన్యం బడిలో కూర్చున్నాడని అన్నం అడగలేదు. తీగ మాత్రం ప్రతిసారీ అడిగింది.

అమెరికాలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు ఇక్కడ ఒక పోలిక గుర్తుపడతారు. అక్కడ 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద 'ఈ-రేట్' అనే ఏర్పాటు వచ్చింది. ఫోను కంపెనీలు కట్టే నిధి నుంచి బడులకు, గ్రంథాలయాలకు ఇంటర్నెట్ బిల్లులో 20 నుంచి 90 శాతం తగ్గింపు. లాభాపేక్ష లేని ప్రైవేటు బడి కూడా అర్హమే, మూలధన నిధి 5 కోట్ల డాలర్లు దాటకూడదన్నదే షరతు. చర్చి నడిపే చిన్న బడి కూడా అడగవచ్చు. తగ్గింపు ఎంతో తేల్చేది మాత్రం బడి ఎవరిదన్న సంగతి కాదు, ఉచిత భోజనానికి అర్హులైన పేద పిల్లలు ఎంతమంది అన్నది. పల్లె బడికి ఇంకొంచెం ఎక్కువ. ఈ నిధి వసూలు చేసే పద్ధతి రాజ్యాంగబద్ధమేనని 2025 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు 6-3 తేడాతో తీర్పు చెప్పింది.

అలాంటి నిధి మనకూ ఉంది. 2002 ఏప్రిల్ నుంచి టెలికాం కంపెనీల సర్దుబాటు ఆదాయంలో 5 శాతం 'యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్'కు వెళ్తోంది. మొదట పల్లె ఫోన్లకే. 2006 చివర చట్టం సవరించాక బ్రాడ్‌బ్యాండుకూ. 2009 జనవరిలో ఆ నిధికీ బీఎస్ఎన్ఎల్‌కూ ఒప్పందం కుదిరింది: ఐదేళ్లలో పల్లెల్లో 8,88,832 తీగ బ్రాడ్‌బ్యాండు కనెక్షన్లు, 28,672 కియోస్కులు. వేగం కనీసం 512 కేబీపీఎస్. లబ్ధిదారుల జాబితాలో గ్రామ పంచాయతీలు, హయ్యర్ సెకండరీ పాఠశాలలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, పల్లెల్లోని వ్యక్తులు ఉన్నారు. ఢిల్లీలో కూర్చుని రాసిన ఆ 'హయ్యర్ సెకండరీ' అన్న మాటతోనే మనకు తిరకాసు. మన రాష్ట్రంలో హైస్కూలు పదో తరగతితో ఆగుతుంది, ఆ పైది జూనియర్ కళాశాల. మన బోర్డుల మీద ఆ మాట ఎన్నడూ లేదు. ఇంకో తేడా కూడా ఉంది. అమెరికాలో బడి దరఖాస్తు పెట్టి, తనకు నచ్చిన కంపెనీని పోటీ ధరల మీద ఎంచుకుంటుంది. మన పద్ధతిలో సాయం కనెక్షను లెక్కన కంపెనీకి పోతుంది, బడి ఎక్కడా లెక్కలోకి రాదు. టెలిఫోను ఎక్స్చేంజి నుంచి రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండు నాలుగైదు కిలోమీటర్లు దాటితే నీరసించిపోతుంది. ఊళ్లు దూరదూరంగా ఉండే మన పీఠభూమిలో ఆ వలయం బయట పడిన బడులే ఎక్కువ.

బడిని నేరుగా లెక్కలోకి తీసుకున్న పథకం వేరే శాఖది. 2004 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ 'ఐసీటీ @ స్కూల్స్' మొదలుపెట్టింది. ఖర్చులో కేంద్రానిది 75, రాష్ట్రానిది 25. 2010లో దాన్ని సవరించినప్పుడు ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత పాఠశాలలు రెండూ అర్హమని స్పష్టంగా రాశారు. కంప్యూటర్ల గది, దాన్ని చూసుకునే బోధకుడు, కనీసం 2 ఎంబీపీఎస్ బ్రాడ్‌బ్యాండు, అన్నింటికీ మించి నెలవారీ ఖర్చుకు ఐదేళ్లపాటు డబ్బు. 'ఎయిడెడ్' అనే మాట ఇంటర్నెట్ పక్కన అచ్చులో కనబడటం మన కథలో ముఖ్యమైన మలుపు అని నా అభిప్రాయం. క్యాంప్‌బెల్ సిగ్గుపడిన 187 ఏళ్లకు, ఊరివాళ్లు పెట్టుకున్న బడికి జీతం కాక వేరే సాయం మళ్లీ కాగితం ఎక్కింది.

కాగితం ఎక్కింది సరే, నేల మీద? మన రాష్ట్రంలో 2008లో 5,000 ఉన్నత పాఠశాలల్లో ప్రైవేటు కంపెనీల చేత గదులు పెట్టించి, ఐదేళ్లు నడిపించి, తర్వాత బడులకు అప్పగించే ఒప్పందం చేసుకున్నారు. ఎంపికలో సర్కారు, జిల్లా పరిషత్తు బడులదే పెద్ద పీట. అవి వచ్చిన చోట పిల్లలు పెయింటు బొమ్మలు గీశారు, టైపింగ్ నేర్చుకున్నారు. ఒప్పందం ముగిశాక బోధకులు వెళ్లిపోయారు. యంత్రాలు మిగిలాయి, తెరిచే చేయి పోయింది. 2012, 2013 వేసవుల్లో కరెంటు కోతలు ఎంత తీవ్రంగా ఉండేవో మీకందరికీ గుర్తుంది. కంప్యూటరు పీరియడ్ వచ్చే వేళకు కరెంటు ఉండటం అదృష్టం కింద లెక్క.

ఇంతలో తమాషా ఏమిటంటే, బడికి తీగ ఇవ్వకముందే సర్కారు బడి దగ్గర తీగ పనులు అడగడం మొదలుపెట్టింది. ఉపకార వేతనాల దరఖాస్తు ఆన్‌లైన్. పదో తరగతి నామినల్ రోల్స్ ఆన్‌లైన్. పిల్లల వివరాలు, ఆధార్ నంబర్లు, భోజనం లెక్కలు ఆన్‌లైన్. దీనికి ఎయిడెడ్ అని మినహాయింపు లేదు. సాయంలో మనం ప్రైవేటు, పనిలో మనం సర్కారు. గడువు చివరి రోజున రికార్డులు సంచిలో పెట్టుకుని పట్టణంలోని ఇంటర్నెట్ సెంటరులో వరుసలో నిలబడిన గుమాస్తాలు, సార్లు ఎందరో. పేజీకి ఇంత అని జేబులోంచి ఇచ్చి, ఆ చీటీని ఏ పద్దు కింద రాయాలో తెలియక చించేసిన సార్లు ఈ సంచిక చదివేవారిలోనే ఉన్నారు. వాళ్ల ఖర్చు ఏ చరిత్రలోనూ ఎక్కదు కాబట్టి ఇక్కడ ఎక్కిస్తున్నాను. పిల్లవాడికి మెరిట్ స్కాలర్‌షిప్పు పోకుండా కాపాడింది చాలాసార్లు ఆ ఇరవై, ముప్పై రూపాయలే.

2015 తర్వాత కథ వేగం పెరుగుతుంది, నేనూ వేగంగా చెబుతాను. రాష్ట్ర ప్రభుత్వం ఫైబర్‌నెట్ సంస్థను పెట్టి, భూమిలో తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే వేల కిలోమీటర్ల ఫైబరు లాగింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో దాన్ని జాతికి అంకితం చేశారు. ఇంటికి నెలకు రూ. 149కే ఇంటర్నెట్, టీవీ, ఫోను. ఇది బడికి ఇచ్చిన సాయం కాదు, ఇంటికి ఇచ్చింది. అయినా మన పిల్లల ఇళ్లకు ఏ షరతూ లేకుండా చేరిన తొలి చవక తీగ ఇదే. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో జియో వచ్చి సెల్‌ఫోను డేటా ధరను నేలకు దించింది. అది సర్కారు సాయం కాదు, వ్యాపారం. మన సీమ పిల్లలకు ఎక్కువగా ఉపయోగపడింది ఏదని అడిగితే, ఆ వ్యాపారమే అని ఒప్పుకోక తప్పదు.

2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డప్పుడు ఈ తేడాలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పిల్లలకు పాఠాలు వేశారు. వాట్సాప్‌లో సార్లు నోట్సు పంపారు. ఇంట్లో ఒకే ఫోను, అది నాన్నతో పాటు పనికి పోతుంది. రాత్రి ఎనిమిదికి నాన్న వచ్చాక గాని పాఠం తెరవని పిల్లలు మన జిల్లాలో లెక్కలేనంతమంది. ఆ ఏడాది జనవరిలోనే మొదలైన అమ్మ ఒడి మాత్రం ఒక పాత గోడను దాటింది. తల్లి ఖాతాకు రూ. 15,000, బిడ్డ ప్రైవేటు బడిలో ఉన్నా సరే. 2021లో తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వారికి నగదుకు బదులు ల్యాప్‌టాప్ తీసుకోవచ్చన్నారు, చివరికి వచ్చింది నగదే. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు 4,59,564 ట్యాబులు, సార్లకు 59,176 ఇచ్చారు. పాఠాలు అందులోనే నింపి ఇచ్చారు కాబట్టి ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తాయి. తీగ అందరికీ చేరలేదని సర్కారే ఒప్పుకున్నట్టు నాకు అనిపించింది. ఆ మేరకు అది తెలివైన పనే.

ఈ మధ్యలోనే 2021 వచ్చింది. ఎయిడెడ్ సంస్థలు ఆస్తులతో సహా సర్కారుకు అప్పగించాలి, లేదా సిబ్బందిని అప్పగించి పూర్తి ప్రైవేటుగా నడుచుకోవాలి అన్న విధానం. నవంబరు 8న అనంతపురం ఎస్‌ఎస్‌బీఎన్ కళాశాల దగ్గర విద్యార్థులు నిరసన చేస్తే లాఠీలు లేచాయి, రాష్ట్రమంతా గొడవైంది. తర్వాత ప్రభుత్వం, ఎయిడెడ్‌గానే కొనసాగాలనుకునేవారు కొనసాగవచ్చని, ఇచ్చిన అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని చెప్పింది. అప్పటికే ఎన్నో బడుల్లో సార్లు వేరే చోటికి వెళ్లిపోయారు. ఉద్యోగ విరమణ చేసినవారి ఖాళీలు ఏళ్ల తరబడి నింపక ముందే పలచబడ్డ బడులు మరింత పలచబడ్డాయి. ఆ నెలల్లో ఇంటర్నెట్ గురించి ఎవరు ఆలోచిస్తారు? ఉన్న కనెక్షను బిల్లు కట్టడమా మానడమా అన్నది కూడా బడి ఉంటుందా అన్న ప్రశ్న వెనక్కి పోయింది.

ఇప్పటి సంగతి. దేశంలో ఇంటర్నెట్ ఉన్న బడులు కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల ప్రకారం 2021-22లో 33.9 శాతం, 2023-24లో 53.9 శాతం. పాత నిధి పేరు 2023 టెలికాం చట్టంతో 'డిజిటల్ భారత్ నిధి' అయింది. 2023 ఆగస్టులో భారత్‌నెట్ కొత్త దశకు రూ. 1,39,579 కోట్లు ఆమోదించారు. 2025 ఫిబ్రవరి 1 బడ్జెట్ ప్రసంగంలో పల్లెల్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలన్నింటికీ, ఆరోగ్య కేంద్రాలకూ భారత్‌నెట్ ద్వారా బ్రాడ్‌బ్యాండు ఇస్తామన్నారు. 'ప్రభుత్వ' అన్న దగ్గర ఆగింది. 2010లో పక్కనే ఉన్న 'ఎయిడెడ్' అన్న మాట ఈసారి లేదు.

జిల్లా రెండయింది. 2022 ఏప్రిల్ నుంచి పుట్టపర్తి కేంద్రంగా సత్యసాయి జిల్లా వేరు. రెండు జిల్లాల్లోనూ ఎయిడెడ్ బడులు మిగిలినవి మిగిలాయి. వాటిలో చదివేది ఎవరి పిల్లలు? ఫీజు కట్టగలిగినవారు ఎప్పుడో ఇంగ్లీషు మీడియం బస్సులు ఎక్కారు. మిగిలినవారు సర్కారు బడి పిల్లలకంటే ఏ రకంగానూ ఉన్నవారు కారు. ఇందుకు రుజువు వెతకనక్కర లేదు, ప్రతి ఎయిడెడ్ బడిలోనూ మధ్యాహ్న భోజనం రిజిస్టరు ఉంది. ఎందరు పిల్లలు సర్కారు అన్నం తింటున్నారో రోజువారీ లెక్క అందులో ఉంది, పైవారికి అది ప్రతిరోజూ ఆన్‌లైన్‌లో పోతూనే ఉంది. అమెరికావారు తీగకు కొలబద్దగా వాడుకునే లెక్క సరిగ్గా అలాంటిదే. మనకు కొత్త సర్వే చేయించాల్సిన పని లేదు.

పూర్వ విద్యార్థుల సంఘం తరఫున ఒక వినతిపత్రం తయారవుతోంది. అందులో ఎక్కువ మాటలు అక్కర లేదని నేను సూచించాను. భారత్‌నెట్ మార్గదర్శకాల్లో 'ప్రభుత్వ' అని ఉన్నచోట 'ప్రభుత్వ, ఎయిడెడ్' అని మార్చమని ఒక వాక్యం, 2010 నాటి సవరణలో ఆ మాట ఉన్న సంగతి ఇంకో వాక్యం, భోజనం లెక్కల నకలు ఒక కాగితం. ఢిల్లీలోనూ అమరావతిలోనూ ఆఫీసుల్లో పని చేసేవారు మన బ్యాచుల్లో ఉన్నారు. సంతకాలకు కాగితం స్వర్ణోత్సవం మూడు రోజులూ హెడ్మాస్టరు గదిలో, పాత ఫోను ఉండే బల్ల మీదే ఉంటుంది.